బాగున్నాడు కదా, ఇక మాత్రలెందుకు?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 28 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల క్రితం దిగులుపడిపోయి మంచం దిగకుండా ఉంటే ఒక డాక్టరుగారు డిప్రెషన్ అని మాత్రలిచ్చారు. నెల తిరక్కుండానే మనిషి మారిపోయాడు. నిద్ర లేదు, అలుపు లేదు. తెల్లవారుజామున మూడింటికి చుట్టాలందరికీ ఫోన్లు. కంపెనీ పెడతానని ఉద్యోగం మానేశాడు. లోన్ యాప్‌లలో నాలుగు లక్షలు తీసుకున్నాడు. వద్దన్నందుకు నాన్న మీద చెయ్యి చేసుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చాం. బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బట. లిథియంతో పాటు ఓలాంజపిన్ ఇచ్చి, తర్వాత ఓలాంజపిన్ ఆపేశారు. ఇప్పటికి 20 నెలలుగా మామూలుగా ఉన్నాడు. కొత్త ఉద్యోగంలో చేరాడు, రాత్రి షిఫ్టు. ఈమధ్య “నాకేం లేదు, మందులు ఆపేస్తా” అంటున్నాడు. చెయ్యి వణుకుతోందట, లావయ్యాడట. ఆపితే తనకు తెలియకుండా కూరలో కలిపి పెడదామంటోంది అమ్మ. సూర్యాపేట నుంచి మంచి సంబంధం వచ్చింది. జబ్బు సంగతి ఎత్తొద్దంటున్నాడు మధ్యవర్తి. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని చుట్టాలు. ఈ ఏడు అయ్యప్ప మాల వేయిస్తానని అమ్మ మొక్కుకుంది కూడా. మాకేం చెయ్యాలో తోచడం లేదు.
— ఒక అక్క

జవాబు: అమ్మా, అన్నిటికీ జవాబు చెప్తాను గానీ, ముందు మీ అమ్మగారి ఆలోచన దగ్గర ఆగుదాం. అది రేపో మాపో జరిగిపోయేలా ఉంది. కూరలో కలపొద్దు.

ఆవిడ భయం నాకు అర్థమైంది. కొడుకు తండ్రి మీద చెయ్యెత్తిన రాత్రిని ఏ తల్లీ రెండోసారి చూడాలనుకోదు. ఈ పని చేసే కుటుంబాలు చాలానే ఉన్నాయి, చూసీచూడనట్టు ఊరుకునే డాక్టర్లూ ఉన్నారు. కానీ లిథియం అలా కలిపిపెట్టే మందు కాదు. మీ తమ్ముడు వేసుకునేది మెల్లగా కరిగే రకం మాత్ర అయితే, నూరగానే గంటల తరబడి కరగాల్సిందంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. ఆ పూట సగం తిని లేస్తే సగమే పోతుంది. ఎంత పోయిందో పెట్టినవాళ్లకూ తెలియదు, తిన్నవాడికీ తెలియదు. తను లిథియం మీద ఉన్నానని తెలియని మనిషి నడుంనొప్పి వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకుంటాడు. ఆ ఇంజెక్షన్‌కూ లిథియానికీ పడదు, ఎందుకో కింద చెప్తాను. ఇంకో సంగతి. ఇలాంటిది ఎన్నాళ్లూ దాగదు. తెలిసిన రోజున మందు మానేయడమే కాదు, మీ ఇంట్లో అన్నం కూడా మానేస్తాడు. అప్పుడు అతని చుట్టూ ఉన్నవాళ్లలో మాట వినిపించగలిగేది ఒక్కరూ మిగలరు.

ఇక అసలు ప్రశ్న. ఆపొచ్చా? ఇప్పుడు ఆపకూడదు. అలాగని “జీవితాంతం మింగాల్సిందే” అని కూడా నేను ఇవాళ అనను. ఆసుపత్రిలో చేర్చాల్సినంత ఉన్మాదం (మీరు చూసిన ఆ నిద్రలేని, పట్టలేని హుషారు) వచ్చి తగ్గినవాళ్లకు కనీసం రెండేళ్లు, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువనిపిస్తే అయిదేళ్ల దాకా మందు కొనసాగించమనేది వైద్యంలో చాలాకాలంగా ఉన్న లెక్క. రెండు మూడు సార్లు వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం, చాలామందికి జీవితాంతం. మీ తమ్ముడికి ఇంకా రెండేళ్లు కూడా నిండలేదు. పైగా రాత్రి షిఫ్టు ఒకటి, పెళ్లి మాటలు ఒకటి. నిద్రను చెదరగొట్టేవి రెండూ ఒకేసారి మీద పడ్డాయి. మందు ఆపి చూడటానికి ఇంతకన్నా చెడ్డ సమయం ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదం, ఎవరికీ చెప్పకుండా ఒక సోమవారం నుంచి మానేయడం. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు తిరగబెట్టడం ఆ తర్వాతి కొన్ని నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆత్మహత్య ప్రమాదం కూడా ఆ రోజుల్లోనే పెరుగుతుంది. ఎప్పుడైనా నిజంగా ఆపాల్సి వచ్చినా డాక్టరు కళ్ల ముందు, కనీసం నెల రోజులు, వీలైతే మూడు నెలలు పట్టించి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మాట మీ తమ్ముడికి ఇలాగే చెప్పండి: “ఆపొద్దని కాదు, ఆపాలనుకుంటే డాక్టరు ముందు అందరం కూర్చుని మాట్లాడదాం, ఒక్కడివే ఆపకు.” చాలామంది ఇంత మాత్రానికే మెత్తబడతారు. వాళ్లను రెచ్చగొట్టేది మాత్ర కన్నా, ఆ మాత్ర మీద తమకు హక్కు లేదన్న భావన.

“షుగర్‌కు మందు వేసుకోవడం లేదా, ఇదీ అంతే” అని మా డాక్టర్లం తరచూ అంటుంటాం. ఆ పోలిక నాకు సగమే నచ్చుతుంది. రోజూ వేసుకోవాలి, నియమం తప్పకూడదు, అక్కడిదాకా సరే. కానీ షుగర్ పెరిగినవాడు మీటరు చూసి పెరిగిందని ఒప్పుకుంటాడు. ఉన్మాదం మొదలైనవాడికి తను ఎన్నడూ లేనంత బాగున్నట్టే ఉంటుంది. మందు అక్కర్లేదనే నమ్మకం కొందరిలో జబ్బు తిరిగొస్తోందనడానికి తొలి గుర్తు కూడా. అందుకే ఈ జబ్బులో ముఖ్యమైన నిర్ణయాలన్నీ బాగున్న రోజుల్లోనే చేసుకోవాలి. మీకిప్పుడు ఆ రోజులు చేతిలో ఉన్నాయి.

మీ ఉత్తరంలో అందరి భయాలూ ఉన్నాయి, అతను ఏం పోగొట్టుకున్నాడో మాత్రం లేదు. ఆ నెల రోజులు మీకు పీడకల. అతనికి? జీవితంలో ఎప్పుడూ లేనంత ధీమాగా, తేలిగ్గా, పది పనులు ఒక్క చేత్తో చేయగలనన్నట్టు ఉన్న రోజులు కూడా అవే. ఆ తర్వాత మిగిలింది అప్పు, సిగ్గు, “ఏరా మందేసుకున్నావా” అనే ఇల్లు. ఆ పైకి లేచిన రోజుల మీద కొందరికి లోలోపల బెంగ ఉంటుంది. ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు. ఒకసారి అడిగి చూడండి, సలహా ఇవ్వకుండా వినండి. “మందు వేసుకున్నప్పటి నుంచీ ఏదీ పట్టనట్టుగా ఉంటోంది” అంటే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. మోతాదు కాస్త ఎక్కువైనా, లోపల కొంత దిగులు మిగిలి ఉన్నా, థైరాయిడ్ మందగించినా అలా ఉంటుంది. మూడింటికీ దారులున్నాయి.

చెయ్యి వణకడం అబద్ధం కాదు. లిథియం వేసుకునేవాళ్లలో వేళ్లు సన్నగా వణకడం మామూలే. నలుగురిలో టీ కప్పు పట్టుకోవడానికి, పెళ్లిచూపుల్లో కాఫీ అందుకోవడానికి మొహమాటపడేంత ఉంటే దాన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు. రక్తంలో లిథియం ఎంతుందో చూసి మోతాదు తగ్గించడం, మొత్తం రాత్రి ఒకేసారి వేసుకునేలా మార్చడం, ఆస్తమా లాంటివి లేకపోతే వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర కలపడం, ఇలా చేసేవి ఉన్నాయి. లావు విషయంలో లిథియం ఒక్కదాన్నే దోషిని చెయ్యకండి. ఓలాంజపిన్ దానికన్నా చాలా ఎక్కువగా ఒళ్లు చేయిస్తుంది, ఆపాక కూడా వచ్చిన బరువు దానంతటదే పోదు. లిథియం దాహం పెంచుతుంది. ఆ దాహానికి కూల్‌డ్రింకులు తాగుతుంటే లావు అక్కడి నుంచీ వస్తుంది. మజ్జిగ, నీళ్లు తాగమనండి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించి చాలాకాలమైతే వెంటనే చేయించండి. లిథియం కొందరికి థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది, దానితో బరువూ నీరసమూ రెండూ వస్తాయి.

ఒక మనిషి మందు మానేస్తానంటే పది మంది కలిసి నచ్చజెప్పేకన్నా, అతనికి ఇబ్బంది పెడుతున్న ఒక్కదాన్ని తగ్గించి చూపించడం మేలు. ఇది నా అభిప్రాయం అనుకోండి, అనుభవం అనుకోండి.

ఇప్పుడు లిథియం సంగతి కొంచెం వివరంగా. మందుల చీటీ మీద రాసేంత స్థలం ఉండదు, ఓపీలో చెప్పేంత సమయం ఉండదు.

1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని రాశాడు. తర్వాత డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ దాన్ని పద్ధతిగా పరీక్షించి, జబ్బు తిరిగి రాకుండా ఆపుతుందని నిలబెట్టాడు. చిత్రమేమిటంటే, ఆ 1949లోనే అమెరికాలో గుండెజబ్బులవాళ్లు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ చల్లుకుని, విషమించి, కొందరు చనిపోయారు. అక్కడ ఈ మందుకు అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. ఈ పాత కథ ఎందుకంటే, మీరు గుర్తుపెట్టుకోవాల్సింది అందులోనే ఉంది. మూత్రపిండాలు లిథియాన్నీ ఉప్పులోని సోడియాన్నీ దాదాపు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పో నీళ్లో తగ్గితే సోడియాన్ని పట్టి ఉంచుకుంటూ లిథియాన్ని కూడా పట్టి ఉంచేస్తాయి. మోతాదు మారకపోయినా రక్తంలో మందు పెరిగిపోతుంది.

దీన్ని మీ ఇంటికి అన్వయించుకోండి. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో పొలానికో పెళ్లికో వెళ్లి చెమటోడ్చి నీళ్లు తాగకపోతే ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంకా ప్రమాదం. లావు తగ్గాలని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా, రోజుల తరబడి ఉపవాసాలుండే డైట్ ఏదైనా మొదలుపెట్టినా అంతే. ఉప్పు ఎక్కువా తక్కువా అని కాదు, రోజూ ఒకే తీరుగా ఉండాలి. ఆవకాయ తినే ఇంట్లో ఆవకాయ తినొచ్చు.

ఇక నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఏ మెడికల్ షాపులోనైనా చీటీ లేకుండా చేతిలో పెట్టే ఇవన్నీ మూత్రపిండాల దగ్గర లిథియాన్ని ఆపి రక్తంలో పెంచుతాయి. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్ వాడుకోవచ్చు. బీపీకి ఇచ్చే మాత్రల్లో టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఇదే జట్టు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గొడవ వేరు, అవి నేరుగా ఉన్మాదాన్నే రేపగలవు. కాబట్టి “నేను లిథియం వాడుతున్నాను, డిప్రెషన్ మాత్ర ఒంటరిగా ఇస్తే నాకు ఉన్మాదం వచ్చింది” అని రెండు వాక్యాలు రాసిన కాగితం పర్సులో పెట్టుకోమనండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, ముందు ఆ కాగితం చూపించాలి.

రక్తపరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు చేయించాలి. పొద్దున వేసుకునే మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. రిపోర్టులో లిథియం అంకె (mEq/L) చాలామందికి 0.6 నుంచి 0.8 మధ్య ఉంటే సరిపోతుంది, కొందరికి 1.0 దాకా ఉంచుతారు. 1.2 దాటితే డాక్టరు మోతాదు చూడాలి, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవ్వచ్చు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. దాంతోపాటే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం. ల్యాబ్ వాళ్లు లిథియం హెపారిన్ కలిపిన గొట్టంలో రక్తం తీస్తే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. ఎన్నడూ లేనంత అంకె వచ్చి మనిషి శుభ్రంగా ఉంటే ముందు అది అడగండి. అదే మనిషి తూలుతూ, మాట ముద్దగా వస్తూ, చేతులు పెద్దగా ఊగిపోతూ, వాంతులు విరేచనాలతో అయోమయంగా ఉంటే అంకె కోసం ఆగొద్దు. ఆ పూట మాత్ర ఆపి, తిన్నగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లి లిథియం వాడుతున్నాడని మొట్టమొదట చెప్పండి.

ఇంత చదివాక లిథియం అంటేనే భయం వేయొచ్చు. నేను భయపెట్టడానికి చెప్పలేదు. తిరగబెట్టకుండా ఆపడంలో, ఆత్మహత్యలను తగ్గించడంలో ఇంత గట్టి ఆధారాలున్న మందు ఈ జబ్బుకు మరొకటి లేదు. మీ తమ్ముడికి అది పట్టింది కూడా. పట్టిన మందును వదులుకోకండి.

రాత్రి షిఫ్టు మాత్రం నాకు నచ్చలేదు. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క మాటలో దాటేశారు గానీ, నేనైతే మందు తర్వాత రెండో స్థానం నిద్రకే ఇస్తాను. నిద్ర తగ్గడం ఉన్మాదానికి లక్షణమే కాదు, దాన్ని మొదలుపెట్టే నిప్పురవ్వ కూడా. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే పరిశోధకురాలు తయారుచేసిన ఒక చికిత్స మొత్తం రోజు లయ మీదే నిలబడింది. పక్క దిగే వేళ, మొదటి మనిషితో మాట కలిపే వేళ, పని మొదలుపెట్టే వేళ, రాత్రి భోజనం వేళ, పడుకునే వేళ, ఈ అయిదింటినీ రోజూ రాసుకుని, వీలైనంత ఒకే తీరుగా ఉంచుకోవడం అందులో పునాది. వారానికో షిఫ్టు మారే ఉద్యోగంలో అది కుదరదు. డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకుని పగటి షిఫ్టు అడగమనండి. జబ్బు పేరు రాయకుండా “నిద్ర వేళలు క్రమంగా ఉండాల్సిన ఆరోగ్య కారణం” అని రాసిచ్చే డాక్టర్లున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి, అవసరమైతే ఆ దారీ ఉంది. దొరక్కపోతే ఉద్యోగం మారడం గురించి ఆలోచించండి. జీతం కొంత తగ్గినా సరే అంటాను నేను. గంజాయి జోలికి అసలు పోకూడదు. హైదరాబాద్ హాస్టళ్లలో అది ఎంత తేలిగ్గా దొరుకుతుందో మీకు తెలియకపోవచ్చు, అతనికి తెలుసు. మందు పార్టీలు కూడా తగ్గించుకోవాలి.

జబ్బు తిరిగొస్తుంటే ఎలా తెలుస్తుంది? పుస్తకాల్లో ఉండే జాబితా అక్కర్లేదు, మీ తమ్ముడి జాబితా మీ ఉత్తరంలోనే ఉంది. తెల్లవారుజామున మూడింటికి ఫోన్లు. కొత్త వ్యాపారం. అప్పు. ఇవి వరద వచ్చాక కనిపించేవి. వాటికన్నా వారం పది రోజుల ముందు ఇంకేవో చిన్నవి ఉండి ఉంటాయి: మూడు నాలుగు గంటలే పడుకుని హుషారుగా లేవడం, మాట వేగం పెరగడం, వాట్సాప్‌లో అర్ధరాత్రి పొడుగాటి మెసేజ్‌లు, చిన్నదానికే విసుక్కోవడం. అతనితో కూర్చుని, అతని నోటితోనే చెప్పించి రాయండి. దాని పక్కనే ఏ గుర్తు కనిపిస్తే ఎవరు ఏం చెయ్యాలో రాయండి. వరుసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయడం, అలాంటి రోజుల కోసం డాక్టరు ముందే చెప్పి ఉంచిన అదనపు మాత్ర ఉంటే వేసుకోవడం, ఆ వారం ఏ పెద్ద కొనుగోలూ చేయకపోవడం. డబ్బు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. యూపీఐ పరిమితి తక్కువ పెట్టుకోవడం, క్రెడిట్ కార్డు చిన్న పరిమితితో ఒక్కటే ఉంచుకోవడం, జీతంలో కొంత తనొక్కడే తీయలేని ఖాతాలో వెయ్యడం. బాగున్నప్పుడు అతనే ఒప్పుకున్నది అప్పుడు మీ పెత్తనం అనిపించదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకొకటి కూడా ఇచ్చింది. రేపు తనకు నిర్ణయం తీసుకునే స్థితి లేకపోతే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకునే హక్కు. అతను ఎవరి పేరు రాస్తాడో అతని ఇష్టం. మీ పేరే రాస్తాడని నాకనిపిస్తోంది. అందులో కరెంటు షాక్ చికిత్స వద్దని రాసేముందు ఒక మాట. దానంటే చాలామందికి ఉన్న భయం పాత సినిమాల నుంచి వచ్చింది. ఇప్పుడు మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఆ చికిత్స ఇవ్వడం ఈ చట్టం ప్రకారమే నిషేధం. తీవ్రమైన కుంగుబాటులో అది ప్రాణాలు నిలబెడుతుంది కూడా.

ఇంట్లో ఒక్క అలవాటు మానాలి. టీవీ రిమోట్ కోసం గొడవపడినా “మందు వేసుకున్నావా” అనడం. మామూలు మనుషులకు కోపం వచ్చే హక్కు ఉంది, అతనికీ ఉంది. సణుగుడూ ఎత్తిపొడుపులూ ఎక్కువున్న ఇళ్లలో ఈ జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. మందుల గురించి అడిగేది ఒక్క మనిషే, ఒక్క వేళే అని నిర్ణయించుకోండి.

అందరి కళ్లూ ఉన్మాదం మీదే ఉన్నాయి, ఎందుకంటే అది వీధిలో కనిపించింది. కానీ ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువ రోజులు గడిపేది కుంగుబాటులోనే. అది చప్పుడు చెయ్యదు. ఫోన్ ఎత్తకపోవడం, సెలవులు పెట్టడం, తిండి తగ్గడం కనిపిస్తే వెళ్లి చూడండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు, ఉన్నది బయటికి వస్తుంది. ఉందంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నెలల తరబడి మాత్రల నిల్వలు అందకుండా తీసేయండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాత డిప్రెషన్ చీటీ తీసి ఆ మాత్రలే మళ్లీ కొనకండి. బైపోలార్ కుంగుబాటుకు క్వెటియాపిన్, లామోట్రిజిన్ లాంటి వేరే దారులున్నాయి. మొదట చూసిన డాక్టరు మీద మీకు కోపం ఉండొచ్చు. ఈ జబ్బు చాలామందిలో కుంగుబాటుతోనే మొదలవుతుంది, అప్పటికి రెండోవైపు ఎవరికీ కనిపించదు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ ఆసుపత్రి ఒక్కటే ప్రభుత్వ వైద్యం అనుకోకండి, వైద్య కళాశాలలున్న ఊళ్లలో మానసిక వైద్య విభాగాలున్నాయి.

ఇక పెళ్లి. “పెళ్లయితే సర్దుకుంటుంది” అన్న మాట ఎన్ని ఇళ్లను ముంచిందో చెప్పలేను. పెళ్లంటే మన దగ్గర పది రోజుల నిద్ర లేమి, అప్పు, ఇంటినిండా జనం. జబ్బుకు అది మందు కాదు, పరీక్ష. అయినా అతను పెళ్లికి పనికిరాడని నేను అనడం లేదు. మందులు వాడుతూ ఉద్యోగం, సంసారం చక్కగా చేసుకుంటున్నవాళ్లు ఎంతోమంది. మీ తమ్ముడి 20 నెలలు అందుకు మంచి ఆరంభమే.

దాచి మాత్రం చెయ్యొద్దు. మధ్యవర్తికి కమీషన్ అందగానే పని అయిపోతుంది, మీకు అక్కడే మొదలవుతుంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని, ఆ మోసం తెలిసిన ఏడాదిలోపు కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన విడాకులివ్వరు. అది ఏ స్థాయిలో ఉంది, కాపురం చేయలేనంతగా ఉందా అన్నదే కోర్టులు చూస్తాయి. 2013లో ఒక తెలుగు దంపతుల కేసులో, భార్యకు స్కిజోఫ్రీనియా అని విడాకులడిగిన భర్తకు సుప్రీంకోర్టు కాదని చెప్పింది. అంటే చట్టం జబ్బును శిక్షించదు, దాచడాన్ని తప్పుపడుతుంది. చట్టం పక్కన పెట్టినా, దాచితే ఏమవుతుందో ఊహించండి. కొత్త పెళ్లికూతురు చూడకుండా మాత్ర మింగాలి. ఎక్కువ మంది అక్కడే మానేస్తారు. ఆషాఢం వచ్చేసరికి జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆ అమ్మాయికి తెలిసేది జబ్బు సంగతి ఒక్కటే కాదు, అందరూ కలిసి తనను మోసం చేశారని.

ఎప్పుడు చెప్పాలంటే, పెళ్లిచూపులకు ముందే ఊరంతా చాటక్కర్లేదు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారని తెలిశాక, తాంబూలాలు పుచ్చుకోకముందు. ఎవరు చెప్పాలంటే అతనే, ఆ అమ్మాయికే. మీరో మధ్యవర్తో ఆమె నాన్నకు చెబితే అది “అబ్బాయికి పిచ్చి” అయి వెళుతుంది. అతను చెబితే “మూడేళ్ల క్రితం నాకు ఇలా వచ్చింది, ఈ మందు వాడుతున్నాను, ఇన్నాళ్లుగా బాగున్నాను, కావాలంటే మా డాక్టరుతో మాట్లాడొచ్చు” అవుతుంది. ఆమెను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. పిల్లలకు వస్తుందా అని తప్పకుండా అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పది శాతం లోపు, అంటే వందలో తొంభై మందికి పైగా రాదు. ఈ సంబంధం తప్పిపోవచ్చు. అది నిజం, దాన్ని తీపి చేసి చెప్పలేను. ఊళ్లో మాట కూడా పాకవచ్చు. అయినా వినాలనుకున్న అమ్మాయి దొరికేదాకా ఆగడం నయం. వీలైతే కనీసం రెండేళ్లు నిండి, పగటి షిఫ్టు కుదిరాక ముహూర్తం పెట్టుకోండి. పెళ్లి పనుల్లో అతని నిద్రకు ఒక గది, ఒక వేళ కేటాయించండి. తెల్లవారుజాము ముహూర్తం తప్పదంటే ఆ ముందు రోజు మధ్యాహ్నం పడుకోబెట్టండి.

ఇది చదివే అమ్మాయిలెవరైనా ఈ జబ్బుకు వాల్‌ప్రొయేట్ వాడుతుంటే ఒక్క మాట. గర్భంలో బిడ్డకు అది చేసే హాని తీవ్రమైనది. పెళ్లి కుదిరేదాకా ఆగకుండా ఇప్పుడే మీ డాక్టరుతో వేరే మందు గురించి మాట్లాడండి, సొంతంగా మాత్రం ఆపకండి.

అయ్యప్ప మాల వేసుకోవచ్చు, మీ అమ్మగారి మొక్కు తీరనివ్వండి. మద్యం, సిగరెట్ లేని 41 రోజులు అతనికి మంచిదే. ఇబ్బంది రెండు చోట్ల. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ల స్నానం చెయ్యాలంటే రాత్రి తొమ్మిదికే పడుకోవాలి. అర్ధరాత్రి దాకా భజనల్లో కూర్చుని మళ్లీ నాలుగింటికి లేవడం కుదరదు, ఆ సంగతి గురుస్వామికి ముందే చెప్పండి. ఏకభుక్తం చేసినా నీళ్లు, మజ్జిగ తగ్గకూడదు, ఉప్పు మానకూడదు, మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. రాత్రి షిఫ్టు చేస్తూ మాల వద్దు. పగటి షిఫ్టు అప్పటికి రాకపోతే వచ్చే ఏడాదికి మొక్కు వాయిదా వేయండి. బయల్దేరే ముందు వారంలో ఒకసారి లిథియం పరీక్ష చేయించి, కొండ ఎక్కే రోజుకు సరిపడా మాత్రలు ఇరుముడిలో కాకుండా చొక్కా జేబులో పెట్టమనండి.